జీవశాస్త్రాలు, సుస్థిరాభివృద్ధి కలిపి ఒకే డిగ్రీగా చదివితే రెండూ సగం సగమే అవుతాయా?

మొలక17
నాకు రెండు విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చింది. ఒకచోట పూర్తిగా జీవశాస్త్రాలే, అంటే జీవరసాయన శాస్త్రం, జన్యుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, జీవావరణ శాస్త్రం, చదవాలి. రెండోచోట అవే జీవశాస్త్రాలు సగం, ప్రపంచ సుస్థిరాభివృద్ధి, అంటే రేపటి తరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకునే అభివృద్ధి, సగం కలిపి ఒకే డిగ్రీగా ఇస్తారు. నా మనసు రెండో దాని మీదే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏ ఒడ్డుకూ చేరవంటున్నారు. నిజం చెప్పాలంటే నా భయమూ అదే. చదువు పూర్తయ్యాక ప్రయోగశాలలో నిలబడితే అచ్చంగా జీవశాస్త్రమే చదివినవాళ్ల ముందు, విధాన చర్చలో కూర్చుంటే అర్థశాస్త్రం చదివినవాళ్ల ముందు తేలిపోతానేమోనని బెంగగా ఉంది. ఇలాంటి కోర్సు చదివినవాళ్లు, చదివి బాధపడినవాళ్లు కూడా, ఉన్నదున్నట్టు చెప్పగలరా?

కణజాలం
ముందు జీవశాస్త్రం గట్టిగా చదవండి. సుస్థిరాభివృద్ధిని తర్వాత పీజీలో చదువుకోవచ్చు, ఎందుకంటే దానికి ఏ డిగ్రీవాళ్లనైనా తీసుకుంటారు. జీవరసాయన శాస్త్రాన్ని పీజీలో కొత్తగా మొదలుపెడతానంటే ఎవరూ తీసుకోరు.

చెరువుగట్టు
కణజాలం గారు చెప్పినదాంట్లో ప్రవేశాల వరకు నిజం ఉంది. కానీ నేను అలాంటి ఉమ్మడి డిగ్రీనే చదివాను కాబట్టి, రెండు విషయాలు ఒకే సమయంలో చదవడం వల్ల ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను.

రెండో సంవత్సరంలో మా జట్టుకు ఒక సరస్సు ఆరోగ్యాన్ని అంచనా వేసే పని ఇచ్చారు. చుట్టుపక్కల పొలాల నుంచి నత్రజని, భాస్వరం ఎరువులు కొట్టుకొచ్చి, నీరు నాచుతో పచ్చగా ఉండేది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వింక్లర్ పద్ధతిలో కొలిచాం. గాలి బుడగ చేరకుండా సీసా నింపి, అందులో మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ వేస్తే, ఆక్సిజన్ ఉన్న మేరకు గోధుమరంగు అవక్షేపం పొగలా అడుగుకు దిగుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి తీసిన మా సీసాలు ముదురు గోధుమరంగుకు తిరిగాయి. లీటరుకు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉందని తేలింది. సరస్సు బాగుందని నివేదిక సగం రాసేశాం కూడా.

అదే వారం సుస్థిరాభివృద్ధి వైపు అభ్యాసంలో భాగంగా ఆ సరస్సు మీద బతికే జాలరులతో మాట్లాడాలి. ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ, "చేపలు తెల్లవారుజామున నోళ్లు పైకెత్తి నీటి మీద తేలతాయి, మీరు వచ్చే వేళకు మళ్లీ కిందికి పోతాయి" అన్నాడు. మరునాడు చీకటితోనే వెళ్లి నీళ్లు తీశాం. అవే రసాయనాలు వేస్తే ఈసారి అవక్షేపం పాలిపోయి, దాదాపు తెల్లగా వచ్చింది. లీటరుకు 2 మిల్లీగ్రాములు కూడా లేదు. పగలు నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, రాత్రంతా అదే నాచు, దానితోపాటు అడుగున కుళ్లే పదార్థాన్ని తినే బాక్టీరియా, ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. మేము మధ్యాహ్నం కొలిచిన అంకె తప్పు కాదు, కానీ దాని మీద ఆధారపడి మేము చెప్పబోయిన మాట తప్పు.

సూక్ష్మదర్శిని
చెరువుగట్టు గారి అనుభవం బాగుంది గానీ, అది నాకు వ్యతిరేక దిశలో సాక్ష్యంగా కనిపిస్తోంది. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ మధ్య రాత్రింబవళ్ల తేడా జీవావరణ శాస్త్రంలో మొదటి సంవత్సరపు పాఠం. జీవశాస్త్రం పూర్తిగా చదివిన విద్యార్థి అయితే జాలరి చెప్పకముందే తెల్లవారుజామున వెళ్లేవాడు.

చెరువుగట్టు
ఆ పాఠం మాకూ చెప్పారు. పరీక్షలో గ్రాఫు గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అయినా మధ్యాహ్నమే వెళ్లాం, ఎందుకంటే మా వాహనం ఆ వేళకు బయలుదేరేది. మాతోపాటు అదే సరస్సు మీద పనిచేసిన, జీవశాస్త్రం మాత్రమే చదివే జట్టు కూడా మధ్యాహ్నపు అంకెలే సమర్పించింది. పాఠం తెలియడం వేరు, ఈ నీటి దగ్గర ఆ పాఠం ఎప్పుడు అవసరమవుతుందో తెలియడం వేరు. రెండోది నీటి మీద రోజూ ఉండేవాళ్లను అడిగితే త్వరగా తెలుస్తుంది. అడగడానికీ ఒక పద్ధతి ఉంది. మనకు కావలసిన జవాబు వాళ్ల నోట పెట్టకుండా ప్రశ్న వేయడం, అనుమతి తీసుకోవడం, పదిమంది చెప్పినదాన్ని క్రమంగా విశ్లేషించడం నేర్చుకోవడానికి నాకు ఒక సెమిస్టరు పట్టింది.

తీరం
ఇది ఒక సరస్సుకే పరిమితమైన సంగతి కాదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల నిల్వలు కూలిపోయి, 1992లో ప్రభుత్వం వేటనే నిలిపివేయవలసి వచ్చింది. పెద్ద ఓడల దిగుబడి లెక్కలు చూసి చేపలు బాగానే ఉన్నాయని శాస్త్రజ్ఞులు అంచనా వేస్తూ వచ్చారు. తీరానికి దగ్గరగా చిన్న పడవల మీద వేటాడేవాళ్లు మాత్రం చేప తగ్గిపోతోందని, చిక్కిన చేప చిన్నదవుతోందని 1980లలోనే మొత్తుకున్నారు. ఆ తర్వాత వేలాది కుటుంబాలకు జీవనాధారం పోయింది.

రాబందు_రెక్క
మొలక17 గారూ, నేను జీవశాస్త్రం మాత్రమే చదివి, ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణలో పనిచేస్తున్నాను. నాకు ఈ ఉమ్మడి చదువు విలువ తెలిసింది రాబందుల కథ వల్ల.

1990ల నుంచి దక్షిణాసియాలో రాబందులు మాయమవుతూ వచ్చాయి. భారతదేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 1992 నుంచి 2007లోపు 99.9 శాతం పడిపోయింది. మొదట ఏదో వైరస్ అనుకున్నారు. చనిపోయిన పక్షులను కోసి చూస్తే లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం తెల్లటి సున్నంలా పేరుకుని ఉంది, అంటే మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నమాట. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల్లోకి చేరుతోందని 2004లో తేలింది. జీవశాస్త్రం చేయగలిగినది అక్కడికి పూర్తయింది.

అసలు కష్టం అక్కడే మొదలైంది. 2006లో భారతదేశం, పాకిస్తాన్, నేపాల్ ఆ మందును పశువైద్యంలో నిషేధించాయి. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అనే బదులు మందు కూడా అప్పటికే దొరికింది. అయినా మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ పెద్ద సీసాలు పశువుల దగ్గరకు చేరుతూనే ఉన్నాయి. ఒక శాతం కన్నా తక్కువ కళేబరాల్లో మందు ఉన్నా రాబందుల పతనానికి చాలు. చివరికి 2015లో భారత ప్రభుత్వం మనుషుల మందును 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాలకు పరిమితం చేసింది. ఆవు నొప్పితో మూలుగుతుంటే రైతు ఏ మందు కొంటాడు, ఎందుకు కొంటాడు, చౌకగా ఏది దొరుకుతుంది అనే ప్రశ్నలకు నా డిగ్రీలో ఒక్క పాఠం కూడా లేదు. వాటిని ఉద్యోగంలో చేరాక, తప్పులు చేస్తూ నేర్చుకున్నాను.

కణజాలం
రాబందు_రెక్క గారూ, మీరు జీవశాస్త్రం మాత్రమే చదివారు, తర్వాత మిగతాది నేర్చుకున్నారు. నేను మొదట చెప్పిందీ సరిగ్గా అదే కదా!

రాబందు_రెక్క
అవును, నేర్చుకోగలిగాను, కానీ ఆ నేర్చుకున్న ఏళ్లలో నేను రాసిన రెండు సంరక్షణ ప్రణాళికల్లో రైతు అనే మాటే లేదు. అవి అమలు కాలేదు. వాటి ఖరీదును నేను తేలిగ్గా తీసుకోలేను.

గింజలమూట
ఇలాంటి సందర్భాల్లో అందరూ బంగారు బియ్యం ఉదాహరణ తెస్తారు. విటమిన్ ఎ లోపాన్ని తగ్గించడానికి వరి గింజలో బీటా కెరొటిన్ (శరీరం విటమిన్ ఎగా మార్చుకునే పదార్థం) తయారయ్యేలా జన్యువులు చొప్పించామని 2000లో ప్రకటించారు. ఫిలిప్పీన్స్ వాణిజ్య సాగుకు అనుమతి ఇచ్చేసరికి 2021 అయింది. శాస్త్రం సిద్ధంగా ఉన్నా, సమాజంతో మాట్లాడడం రాకపోవడం వల్లే ఇరవై ఏళ్లు పోయాయి.

సూక్ష్మదర్శిని
ఇది సగమే నిజం. 2000 నాటి వరిలో డాఫొడిల్ మొక్క జన్యువు వాడారు. అందులో గ్రాము బియ్యానికి 1.6 మైక్రోగ్రాముల కెరొటినాయిడ్లే (బీటా కెరొటిన్, దాని కోవకు చెందిన పదార్థాలు) వచ్చాయి, అవి పిల్లల అవసరానికి చాలవు. 2005లో ఆ జన్యువు బదులు మొక్కజొన్న జన్యువు పెట్టాక 23 రెట్ల వరకు పెరిగింది. ఆ తర్వాత దాన్ని స్థానిక వరి రకాల్లోకి సంకరం చేయాలి, పొలాల్లో దిగుబడి నిలబడాలి. ఇవన్నీ కాలం తీసుకునే జీవశాస్త్ర సమస్యలే. సమాజం ఒప్పుకోలేదనే ఒక్క వాక్యంలో ఇదంతా కప్పేయడం ఎక్కువగా జీవశాస్త్రం లోతుగా చదవని వాళ్లలోనే చూశాను. నాకు ఉమ్మడి డిగ్రీల మీద ఉన్న అసలు అనుమానం ఇదే.

గింజలమూట
1.6 మైక్రోగ్రాముల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయితే 2024లో అక్కడి అప్పీలు న్యాయస్థానం సాగును నిలిపివేసింది. భద్రత విషయంలో శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం ఉందా లేదా అన్నది అక్కడ వాదనకు వచ్చింది. దిగుబడి పట్టికలు మాత్రమే చదవగలిగినవాళ్లకు ఆ తీర్పు కొరుకుడు పడదు.

సూక్ష్మదర్శిని
ఆ మాట కాదనను. పట్టికా చదవగలగాలి, తీర్పూ చదవగలగాలి. ఆ రెండు పనులూ నేర్పేంత సమయం ఆ కోర్సు కాలపట్టికలో ఉందా అన్నదే నా ప్రశ్న.

సరిహద్దు_మొక్క
ఒక చిన్న విషయం, కానీ ప్రయోగశాలవాళ్లకే అవసరమైనది. మరో దేశపు మొక్క ఆకునో, మట్టిలోని బాక్టీరియానో తెచ్చి పరిశోధన చేయాలంటే, 2010లో కుదిరి 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం కింద చాలా దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి, లాభంలో వాటా ఎలా పంచుకుంటారో ఒప్పందం ఉండాలి. నాతో పనిచేసిన ఒక మంచి జన్యుశాస్త్ర విద్యార్థి ఈ మాట విననందువల్ల పదినెలల పాటు సేకరించిన నమూనాలను వాడుకోలేకపోయాడు. శీతల పెట్టెలో చీటీలు అంటించి వరసగా పెట్టిన గొట్టాలను అలాగే వదిలేయవలసి వచ్చింది. ఇప్పుడు ఆకు దేశం దాటకపోయినా, దాని డీఎన్ఏ క్రమం డేటాబేస్‌లోంచి దించుకుని లాభపడితే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. దాని కోసం ఒక నిధిని 2024లో కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన జీవవైవిధ్య సదస్సు ఏర్పాటు చేసింది. అందువల్ల ఇది విధానాలవాళ్లు చూసుకునే వ్యవహారమని ప్రయోగశాల పక్కన పెట్టగలిగే రోజులు కావివి.

ఎదురీత
నా అనుభవం చేదుగా ఉంటుంది, కానీ మొలక17 గారు అడిగారు కాబట్టి రాస్తున్నాను. నేను ఇలాంటి ఉమ్మడి డిగ్రీ చదివాను. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. అక్కడ రెండు విభాగాలు రెండు వేర్వేరు భవనాల్లో ఉండేవి, నిజానికి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవే కావు. ఒకే వారంలో రెండువైపులా పరీక్షలు పెట్టేవారు. సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగం, సుస్థిరాభివృద్ధి చర్చాగోష్ఠి ఒకే సమయానికి పడితే, ప్రయోగం మానేసి తర్వాత ఎవరి నోటుపుస్తకంలోంచో ఫలితాలు ఎక్కించుకోమన్నారు. జీవరసాయన శాస్త్రం రెండో భాగం మా డిగ్రీలో లేదని మూడో సంవత్సరంలో తెలిసింది. పరిశోధనకు దరఖాస్తు చేసినప్పుడు ఎంజైములను శుద్ధి చేసిన అనుభవం ఉందా అని అడిగారు. లేదు. ఒక సంవత్సరం అదనంగా చదివి ఆ లోటు పూడ్చుకున్నాను. ఆ ఏడాది డబ్బు కన్నా, నాకు రావలసిన విద్య రాలేదన్న బాధ ఎక్కువ.

మొలక17
ఎదురీత గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా కృతజ్ఞతలు. నేను భయపడింది సరిగ్గా ఇదే. ఇలా జరుగుతుందని సీటు తీసుకోకముందే తెలుసుకునే మార్గం ఏదైనా ఉండేదా?

ఎదురీత
ఉండేది, నేను అడగలేదు. కోర్సు పరిచయ పత్రం మీద ఐక్యరాజ్య సమితి పెట్టుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల రంగుల చక్రం పెద్దగా ఉంది, అది చూసి ముచ్చటపడ్డాను. ఏ సంవత్సరంలో ఎన్ని గంటలు ప్రయోగశాలలో ఉంటామో అడిగి ఉంటే నాకు జవాబు దొరికేది.

పాత_నోటుపుస్తకం
నేను ఇలాంటి కోర్సులో చాలా ఏళ్లు పాఠం చెప్పాను. ఎదురీత గారికి జరిగింది అన్యాయం. అది కోర్సు నడిపినవాళ్ల లోపం, ఆయన ఎంపికలోని లోపం కాదు.

మొలక17 గారూ, మీరు తప్పకుండా చూడవలసింది చివరి సంవత్సరపు ప్రాజెక్టు. దాన్ని రెండు విభాగాల అధ్యాపకులు కలిసి పర్యవేక్షిస్తారా, లేక ఏదో ఒక వైపు ఎంచుకోమంటారా? కలిసి పర్యవేక్షించే చోట, ఆ ఇద్దరు అధ్యాపకులు అంతకుముందే కలిసి పనిచేసి ఉంటారు. గత రెండేళ్ల ప్రాజెక్టుల శీర్షికలు పంపమని అడగండి. శీర్షికల్లో ఒక జీవి, ఒక చోటు, ఒక కొలత కనిపిస్తే మంచిది. అన్నీ సుస్థిరత వైపు పయనం తరహాలో ఉంటే అనుమానించండి. ఆ తర్వాత గణాంక శాస్త్రం చూడండి. దాన్ని ఐచ్ఛికంగా వదిలేసిన చోట చేరవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే అది రెండు వైపులా పనికొచ్చే ఒకే ఒక్క పనిముట్టు. సరస్సులో నత్రజనిని విశ్లేషించినా, ఇంటింటి సర్వేను విశ్లేషించినా మీకు అదే కావాలి.

సుస్థిరాభివృద్ధి భాగం తేలికని అనుకోకండి. సుస్థిరాభివృద్ధికి 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదిక ఇచ్చిన నిర్వచనం బట్టీపట్టి, 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన 17 లక్ష్యాలూ 169 ఉపలక్ష్యాలూ ఏకరువు పెడితే మా దగ్గర మార్కులు పడేవి కావు. లక్ష్యాలు ఒకదానితో ఒకటి ఎక్కడ పోట్లాడతాయో చూపించమనేవాళ్లం. చిన్న రైతుల ఉత్పాదకతను 2030కల్లా రెట్టింపు చేయాలని 2.3 ఉపలక్ష్యం చెబుతుంది. భూమి మీద నుంచి సముద్రంలో చేరే పోషక కాలుష్యాన్ని 2025కల్లా బాగా తగ్గించాలని 14.1 చెబుతుంది. మొదటిదానికి ఎరువు పెంచితే రెండోది దెబ్బతింటుంది. వేసిన యూరియాలో మొక్క ఎంత తీసుకుంటుంది, ఎంత నైట్రేట్‌గా మారి నీటిలోకి దిగుతుంది, ఎంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది అన్నది మట్టి బాక్టీరియా మీద ఆధారపడిన విషయం. ఆ లెక్క వేయలేనివాళ్లు ఈ రెండు ఉపలక్ష్యాల మధ్య రాజీ కుదర్చలేరు.

చెరువుగట్టు
పాత_నోటుపుస్తకం గారి మాటతో నాకు మొదటి వ్యాసం గుర్తుకొచ్చింది. ఒక ఆనకట్ట వల్ల ఆ ప్రాంతం అభివృద్ధి చెందిందని రాశాను. అధ్యాపకురాలు అభివృద్ధి అన్న మాట కింద గీత గీసి, మార్జిన్‌లో "ఎవరికి?" అని మాత్రం రాసి తిరిగి ఇచ్చారు. కణజీవశాస్త్రంలో జవాబు తప్పయితే ఎందుకు తప్పో తెలిసేది. ఇక్కడ ఆ ఒక్క మాటకు జవాబు వెతకడానికి మూడు వారాలు పట్టింది. మునిగిన భూమి ఎవరిది, కరెంటు ఎటు పోయింది, వలస వచ్చే చేపకు దారి ఏమైంది అని మొత్తం మళ్లీ రాశాను.

ప్రశ్నార్థకం
ఇన్ని మాటల మధ్య ఉద్యోగం గురించి ఎవరూ చెప్పలేదు. ఈ డిగ్రీతో ఎవరు తీసుకుంటారు?

రాబందు_రెక్క
మా దగ్గర నియామకాలు చూసినంతలో చెబుతాను. సుస్థిరత మీద ఆసక్తి ఉందని రాసిన దరఖాస్తులు కుప్పలుగా వస్తాయి. పొలం గట్టున చతురస్రపు చట్రం వేసి మొక్కలు లెక్కించగలను, ఉపగ్రహ చిత్రం నుంచి అడవి తగ్గుదలను పటం గీయగలను, గ్రామసభలో కూర్చుని అభ్యంతరాలు రాసుకోగలను అని పని చూపించేవి తక్కువ. పర్యావరణ ప్రభావ మదింపు, ప్రజారోగ్యం, సంరక్షణ సంస్థలు, ఆహార సరఫరా తనిఖీలు, ప్రభుత్వ విధాన విభాగాలు, ఇవన్నీ ఇలాంటి వాళ్లను తీసుకుంటాయి. చేతిలో ఒక్క గట్టి విద్య ఉండాలి, రెండో వైపు భాష అర్థం కావాలి.

కణజాలం
నా మొదటి మాటను కొంచెం సవరించుకుంటాను. అణు జీవశాస్త్రంలోనో, మందుల తయారీ పరిశోధనలోనో స్థిరపడాలనుకునేవాళ్లకు ఇప్పటికీ పూర్తి జీవశాస్త్రమే చెబుతాను. జీవావరణం, వ్యాధుల వ్యాప్తి, వ్యవసాయం వైపు మొగ్గు ఉన్నవాళ్లకు ఉమ్మడి డిగ్రీ నష్టం కాదనిపిస్తోంది, గణాంక శాస్త్రం తప్పనిసరి అయితేనే.

మొలక17
అడిగి తెలుసుకున్నాను. రెండో విశ్వవిద్యాలయంలో మొదటి రెండేళ్లలో ప్రయోగశాల గంటలు పూర్తి డిగ్రీవాళ్లకు ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు ఉంటాయట. గణాంక శాస్త్రం రెండేళ్లూ తప్పనిసరి. జీవరసాయన శాస్త్రం రెండో భాగం ఐచ్ఛికం, కానీ తీసుకోవచ్చు, దాన్ని తీసుకుంటానని ఇప్పుడే రాసి ఇచ్చాను. ప్రాజెక్టుల జాబితాలో చిత్తడి నేలల్లో నత్రజని తొలగింపు మీద ఒకటి ఉంది, సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు, అభివృద్ధి అధ్యయనాల అధ్యాపకురాలు ఇద్దరూ కలిసి చూస్తారు. ఆ కోర్సులోనే చేరుతున్నాను. ఇంట్లో ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. సూక్ష్మదర్శిని గారి ప్రశ్నను కూడా వాళ్ల ముందు పెట్టి, కాలపట్టిక చూపించి మాట్లాడుతున్నాను.

చెరువుగట్టు గారూ, ఒక సందేహం. తెల్లవారుజామున నీళ్లు తీశాక ప్రయోగశాలకు చేరడానికి రెండు గంటలు పడితే, ఆ లోపు సీసాలోని ఆక్సిజన్ మారిపోదా?

చెరువుగట్టు
మారిపోతుంది, అందుకే మొదటి రెండు రసాయనాలూ గట్టు మీదే, నీళ్లు తీసిన వెంటనే వేయాలి. అవక్షేపం ఏర్పడ్డాక ఆక్సిజన్ అందులో బంధించబడి ఉంటుంది. సీసా మూత బిగించి, వెలుతురు తగలకుండా చీకటి పెట్టెలో పెట్టి తీసుకెళ్లి, ఆమ్లం వేయడం, థయోసల్ఫేట్‌తో అంశమాపనం చేయడం ప్రయోగశాలలో చేసుకోవచ్చు. టార్చిలైటు రెండు తీసుకెళ్లండి. ఒకటి చేతిలో ఉంటే సీసా పట్టుకోవడానికి చేయి చాలదు, ఇంకొకరిని తోడు తీసుకెళ్లడం మంచిది.